సున్నా తప్పుల తాయారు

ఒక మనిషి పేరు పక్కన సున్నా పడిందని చప్పట్లు కొట్టిన వాళ్లను మీరెక్కడైనా చూశారా? విశాఖపట్నంలో, సముద్రం కనిపించే నాలుగో అంతస్తు ప్రయోగశాలలో, ఒక శుక్రవారం పొద్దున సరిగ్గా అదే జరిగింది. గోడ మీది తెరలో నలభై మంది పేర్లున్నాయి. ఇరవై మూడో వరసలో 'మంగతాయారు, పూతరేకులు, ఆత్రేయపురం' అని ఉంది. దాని పక్కన పదకొండు రోజులుగా ఒకటే అంకె. తప్పులు సున్నా.

"మేడమ్, మీ చెల్లెలు మనిషి కాదండీ బాబూ!" అన్నాడు రహీమ్, ప్రయోగశాలలో హైమకు కుడిభుజం లాంటివాడు. "పదకొండు రోజుల్లో ఒక్క రేకూ చిరగలేదంటే మాటలా?"

డాక్టర్ హైమవతి పైకి నవ్వలేదు గానీ లోపల పొంగిపోయింది. నవ్వే ముందు కూడా ఒకసారి ఆలోచించుకునే మనిషి ఆవిడ. బళ్లో చదివే రోజుల్లో ఒక్క కొట్టివేత పడితే పేజీ మొత్తం చింపేసేది. ఏడాది చివరికి నోటుపుస్తకంలో అట్టలు తప్ప పెద్దగా ఏమీ మిగిలేవి కావు. ఆ చింపిన కాగితాలన్నీ ఏరుకుని పడవలు చేసి రావులపాలెం కాలువలో వదిలింది ఈ తాయారే. నలభై ఒకటో ఏట కూడా హైమ రెండు వాక్యాల ఉత్తరం పంపడానికి ఏడుసార్లు చదువుకుంటుంది. అలాంటి మనిషి చేతిలోంచి 'సవ్య' లాంటి పరికరం పుట్టడంలో వింతేముంది?

రహీమ్ కాఫీ కప్పు అందుకోబోయి చటుక్కున ఆగాడు. మణికట్టు మీది పట్టీ చిన్నగా గిలిగింత పెట్టింది. మోచెయ్యి పక్కనే ఉన్న గాజు పలకల్ని తాకబోతోంది. చెయ్యి వెనక్కి తీసుకుని, పలకల్ని జరిపి, మళ్లీ కప్పు అందుకున్నాడు. ప్రయోగశాలలో హైమతో సహా అందరూ కట్టుకునే సవ్య చేసే పని అంతే. చెయ్యి తప్పబోతున్న సంగతి మెదడుకు రెప్పపాటు ముందే తెలుస్తుంది. ఆ ఉలికిపాటును చెవి వెనక అంటించిన బిళ్ల పసిగట్టి మణికట్టుకు చేరవేస్తుంది. మొదటి వారం, తప్పు జరిగినప్పుడల్లా పట్టీ మీది మీట నొక్కి మనమే దానికి నేర్పాలి. ఆ తర్వాత అది మన మనసును చూసి నేర్చుకుంటూ పోతుంది. మనం దేన్ని తప్పనుకుంటే దానికీ అదే తప్పు. శస్త్రచికిత్స చేసే డాక్టర్ల కోసం మొదలుపెట్టిన పని ఇది. చేతిపనివాళ్ల మీద నాలుగు నెలల పరీక్ష నేటితో ఒక కొలిక్కి వచ్చింది. సోమవారం సంతకాలైతే, ఒక పెద్ద బడుల సంస్థలో ఇరవై వేల మంది పిల్లల చేతికి ఈ పట్టీ ఎక్కుతుంది.

సమావేశంలో ఆ సున్నాను చూపిస్తూ తలా ఒక పూతరేకు చేతిలో పెడితే ఎంత బాగుంటుంది! ఆ ఆలోచన రాగానే హైమ మరిదికి ఫోన్ చేసింది. ఏడుకొండలు ఆత్రేయపురం రోడ్డు మీద పూతరేకుల దుకాణం నడుపుతాడు.

"మరిదిగారూ, సోమవారానికి వంద పూతరేకులు కావాలి. తాయారు చేసినవే కావాలి."

"లేవండి వదినగారూ."

"లేవంటే? అన్నీ అమ్ముడైపోయాయా?"

"చేత్తే కదండీ అమ్ముడవడానికి. పదకొండు రోజులైందండి కొట్టు మూసి. మా అమ్మ మీకు ఫోన్ చేద్దామంటే, అక్కతో చెప్పొద్దని ఒట్టేయించుకుందండి మీ చెల్లెలు."

తెర మీద పదకొండు సున్నాలూ వరసగా మెరుస్తున్నాయి.

మర్నాడు ఎండ బాగా ఎక్కేసరికి ఆవిడ కారు ఆత్రేయపురంలో ఆగింది. చెల్లెలి ఇంటి పెరట్లో రేకులు లాగే పాక. పొయ్యి మీద ఏటవాలుగా బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకు మంట, పక్కన పళ్లెంలో పలచటి బియ్యప్పిండి పాలు. ఆ పాలలో పల్చని గుడ్డ ముంచి, వేడి కుండ మీద పరిచి లాగితే చాలు, పొరలాంటి రేకు లేస్తుంది. తాయారు ఆ పని కళ్లు మూసుకుని చేసేది. రోజుకు మూడు వందలు లాగేది, మధ్యలో కూతురి జడ కూడా అల్లేసేది.

ఇప్పుడు గుడ్డ పాలలో మునిగింది, లేచింది, కుండ మీద జానెడెత్తున ఆగిపోయింది. గుడ్డ మళ్లీ పాలలోకి వెళ్లింది. మళ్లీ లేచింది, మళ్లీ ఆగింది. హైమ గుమ్మంలో నిలబడి ఇరవై దాకా లెక్కపెట్టి, ఇక చూడలేక మానేసింది. పక్కన రేకులు పేర్చే చాట ఖాళీగా ఉంది.

"తాయారూ!"

"వచ్చావా అక్కా? ఒక్క నిమిషం. ఈసారి సరిగ్గా పడేలా ఉంది." తాయారు తల తిప్పలేదు. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ల కింద నలుపు దిగింది.

"నిమిషమా నా తలకాయా!" అంది అరుగు మీంచి అచ్చియ్యమ్మ. తాయారు అత్తగారు, డెబ్బై దాటింది, నలభై ఏళ్లు ఆ కుండ ముందే కూర్చుంది. "పొద్దున్నుంచీ ఇదే వరసమ్మా హైమమ్మా. పిల్లకి జడెయ్యదు, పాపిడి వంకరొత్తదంట. కూరలో ఉప్పెయ్యదు, ఎక్కువైపోద్దంట. పడుకుంటే దుప్పటి అంచులు సరిచేసుకుంటా కూర్చుంటది. మా అబ్బాయి దిష్టి తీయించాడు, నేను మిరియాల కషాయం ఇచ్చాను. ఇదేం రోగమో నాకు తెలవట్లేదు."

హైమకు తెలుసు. గుడ్డ కుండ మీద పడకపోతే రేకు లేదు. రేకు లేకపోతే చిరుగు లేదు. చిరుగు లేకపోతే తప్పు లేదు. తప్పులు లెక్కపెట్టడానికి వాళ్లు పెద్ద ఏర్పాటు చేశారు గానీ, అసలు పని ఎంత జరిగిందో లెక్కపెట్టడానికి ఒక గడి కూడా గీసుకోలేదు. ప్రయోగశాలలో పేరున్న చదువులు చదివిన తొమ్మిది మందిలో ఒక్కరికీ ఆ మాట తట్టలేదు.

"ఇది తీసెయ్యాలని నీకనిపించలేదా?" అంటూ చెల్లెలి పక్కన కూలబడింది.

"తీసేత్తే నీ లెక్క పాడైపోద్ది కదక్కా." తాయారు మెల్లగా అంది. "నలభై మందిలో నీ సొంత చెల్లెలే మధ్యలో మానేసిందంటే నీకెంత తలవంపులు! మొదట్లో బాగానే ఉందక్కా. చిరుగులు తగ్గాయి. తర్వాత అంచు కాస్త వంకరొచ్చినా గిలిగింత. తర్వాత మందం తేడా వచ్చినా గిలిగింత. ఇప్పుడు గుడ్డ ఎత్తితేనే చాలు."

హైమ చెల్లెలి చెవి వెనక బిళ్ల ఊడదీసింది, మణికట్టు పట్టీ విప్పింది. కింద చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. "ఇప్పుడు వెయ్యి" అంది.

తాయారు గుడ్డ ముంచి ఎత్తింది. చెయ్యి జానెడెత్తున ఆగిపోయింది. ఖాళీ మణికట్టు వంక చూసుకుని, "ఇంకా పెడతానే ఉందక్కా గిలిగింత" అంది.

హైమ పెరట్లోకి పోయి రహీమ్‌కు ఫోన్ చేసింది. పట్టీ రోజుకు ఎన్నిసార్లు గిలిగింత పెట్టిందో ఎవరూ తెరవని ఇంకో దస్త్రంలో పడి ఉంటుంది. దాన్ని తెరవమంది. గంట తర్వాత రహీమ్ తిరిగి ఫోన్ చేశాడు.

"తాయారుగారికి నిన్న ఒక్కరోజే నాలుగు వేల రెండు వందల సార్లు మేడమ్. సున్నాలు పడ్డవాళ్లు ఇంకా ఎనిమిది మందున్నారు. అందరికీ ఫోన్ చేశాను. నరసాపురంలో లేసు అల్లే ఆవిడ నెల రోజులుగా ఒకటే పువ్వు అల్లి విప్పుతోందట. గడియారాలు బాగుచేసే ఆయన దుకాణమే తియ్యడం లేదు. మేడమ్, మనం మెచ్చుకుంటూ వాళ్లకి అభినందన పత్రాలు కూడా పంపించామండీ."

హైమ బావి గట్టు మీద కూర్చుండిపోయింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అప్పుడొక మాట గుర్తొచ్చింది, అది గుర్తు రాకపోయినా బాగుండేది. మొదటిరోజు పట్టీ కడుతుంటే తాయారు అడిగింది: "చిరిగిన రేకు కూడా మేం వాడతాం కదక్కా, దానికీ మీట నొక్కాలా?" తను ఏమంది? ఒక్క క్షణం ఆలోచించకుండా, "తప్పు తప్పేనే, నొక్కు" అంది.

ఆ మధ్యాహ్నమే చెల్లెలిని రాజమండ్రి తీసుకెళ్లి మానసిక వైద్యురాలికి చూపించింది. ఆవిడ నిద్రకు మందు రాసి, వారం వారం రమ్మంది. మందుతో పాటు అసలు మందొకటి ఉందంది: తప్పు జరగనిచ్చి, జరిగాక ఏమీ మునిగిపోలేదని చేత్తో తెలుసుకోవడం. "చెప్పినంత తేలిక కాదు. కూడా ఎవరైనా ఉండాలి" అంది డాక్టరు.

ఆదివారం పొద్దున హైమ చీర కొంగు నడుముకు దోపుకుని తనే కుండ ముందు కూర్చుంది.

"నువ్వా?" అచ్చియ్యమ్మ ముక్కున వేలేసుకుంది. "ఆయ్, కానీ. చేతులు కాల్చుకోకు."

హైమ తన చెవి వెనక బిళ్లా, చేతి పట్టీ విప్పి సంచిలో పడేసింది. గుడ్డ ముంచింది. అది ఎత్తగానే ఖాళీ మణికట్టు మీద గిలిగింత మొదలైంది. ఓహో, నాకూ అంటుకుందన్నమాట అనుకుంది. అంటుకోవడమేమిటి, బళ్లో పేజీలు చింపిన నాటినుంచీ ఉన్నదే కదా! పళ్లు బిగించి గుడ్డ కుండ మీద పరిచి లాగింది. రేకు సగం గుడ్డకే అతుక్కుని వచ్చింది. రెండోది మధ్యకు చిరిగింది. మూడోది మాడింది. నాలుగోది లేచింది గానీ అందులో రెండు కన్నాలు. ఒంటి మీద చెమట కారిపోతోంది, మణికట్టు జివ్వుమంటోంది, పారేసి లేచిపోవాలని ఉంది. లేవలేదు. ఇరవై రేకులు లాగితే పద్దెనిమిది చిరిగాయి.

వాటిని పారేయబోతుంటే అచ్చియ్యమ్మ చెయ్యి పట్టుకుంది. "పారేత్తావేంటమ్మా, బంగారం లాంటి రేకుల్ని!" తడిగుడ్డ మీద నిండు రేకొకటి పరిచింది. దాని మీద చిరిగినవి నాలుగు సర్దింది, నెయ్యి రాసింది, బెల్లం పొడి చల్లింది, మడత పెట్టింది. చూస్తే మచ్చలేని పూతరేకు. "పైకి కనపడేది ఒక్కటే నిండుది. లోపలన్నీ ముక్కలే. నలభై ఏళ్లుగా ఊరందరికీ చిరుగులే తినిపించాను. బాగాలేదన్న మొగోణ్ణి ఒక్కణ్ణి చూపించు!"

హైమ ఆ పూతరేకును కొరికింది. నోట్లో పెట్టగానే కరిగిపోయింది, ఎక్కడ నిండుదో ఎక్కడ ముక్కో నాలుకకు తెలియలేదు. మిగిలిన సగం చెల్లెలి నోటికి అందించింది. "నాదే తప్పే తాయారూ. చిరిగితే మీట నొక్కమన్నాను. నొక్కకూడదు. ఆ రోజు నువ్వు అడిగిందే సరైన మాట."

తాయారు నముల్తూ నముల్తూ ఏడ్చేసింది. చాలాసేపటికి కుండ ముందుకు జరిగింది. గుడ్డ ముంచింది. అది జానెడెత్తున ఆగింది. హైమ ఆ చెయ్యి పట్టుకోలేదు, పట్టుకుంటే ఆ పని తనదైపోతుంది. ఒక నిమిషం గడిచింది, రెండు గడిచాయి. గుడ్డ ఠపీమని కుండ మీద పడింది. రేకు అడ్డంగా చిరిగింది.

"ఒకటి!" అంది అచ్చియ్యమ్మ, పెళ్లిలో తలంబ్రాలు పడ్డంత ఆనందంగా. తాయారు ఆ రోజుకు ఇంకొకటి వెయ్యలేకపోయింది. వేసినదాన్ని మాత్రం చాటలో పెట్టుకుని పక్కనే కూర్చుంది.

సోమవారం సమావేశానికి నివేదిక రాయాలి. మామూలుగా అయితే దానికి నెల పడుతుంది హైమకు. చేతిలో ఉన్నది ఒక్క మధ్యాహ్నం. అచ్చియ్యమ్మ కూర్చునే అరుగు మీదే హైమ తెల్లకాగితాల మీద పెన్నుతోనే మొదలుపెట్టింది. రహీమ్ నలభై మందినీ అడిగి ఫోన్‌లో అంకెలు చెబుతుంటే పట్టికలు గీసింది. కొట్టివేత పడింది. చెయ్యి కాగితం అంచు దాకా వెళ్లింది, చింపడానికి. మణికట్టు నిండా చీమలు పాకుతున్నట్టుంది. చెయ్యి వెనక్కి లాక్కుని తర్వాతి వాక్యం రాసింది. పన్నెండు పేజీలు, ముప్పై పైన కొట్టివేతలు. సాయంత్రం కారెక్కేటప్పుడు వాటిని మళ్లీ చదువుకోలేదు.

సోమవారం పది గంటలకు ప్రయోగశాల నడిపే సంస్థ డైరెక్టర్ నీలకంఠం ఆ కాగితాల్ని రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు. పక్కన బడుల సంస్థ తరఫున వచ్చిన యశోధర అనే పెద్దావిడ, ముందు ఒప్పంద పత్రం.

"హైమవతిగారూ, మీ నివేదికేనా ఇది? మీ దగ్గర్నుంచి చేతిరాతా?"

"నాదేనండి. చదువుతాను."

చదివింది. తప్పులు తగ్గిన గీత పక్కనే కొత్త గీత గీసి చూపించింది: రోజుకు ఎన్ని పనులు పూర్తయ్యాయన్నది. నలభై మందిలో ముప్పై ఒక్క మందికి అదీ కిందికే దిగింది. తొమ్మిది మందికి నేలను తాకింది. అందరికంటే గొప్పగా నెగ్గారనుకున్నవాళ్లే అందరికంటే ఘోరంగా దెబ్బతిన్నారు. చదువుతూ చదువుతూ మూడో పట్టిక దగ్గర ఆగిపోయింది. ఒక వరస కూడిక తప్పింది. మణికట్టు భగ్గుమంది. గదిలో అందరూ తన వంకే చూస్తున్నారు.

"మూడో పట్టికలో కూడిక తప్పు పడిందండి" అంది. "నూట పన్నెండు కాదు, నూట ఇరవై. మిగతాది చదువుతాను."

"ఆగండాగండి!" నీలకంఠం కాగితాలు బల్ల మీద పడేశాడు. "కూడికే సరిగా లేని నివేదికను నమ్మి ఇంత పని ఆపమంటారా? తీసుకెళ్లి సరిచేయండి. వచ్చే నెల మచ్చ లేకుండా పట్టుకురండి, అప్పుడు ఆలోచిద్దాం. ఈలోగా సంతకం కానివ్వండి."

పాత హైమ అయితే ఆ మాటకు లొంగిపోయేది. నిజానికి ఇప్పటికీ సగం లొంగింది. నెల రోజులిస్తే ఎంత అందంగా రాయగలదో ఆవిడకు తెలుసు. కానీ కళ్ల ముందు ఖాళీ చాట మెదిలింది, జానెడెత్తున ఆగిపోయిన చెయ్యి మెదిలింది. ఆ చేతి స్థానంలో పలక మీద బలపం ఆనించడానికి భయపడే ఆరేళ్ల పిల్ల చెయ్యి ఊహించుకుంది.

"వచ్చే నెలకు నా నివేదికలో మచ్చ ఉండదండి. ఇరవై వేల మంది పిల్లల చేతులు మాత్రం ఆగిపోయి ఉంటాయి. ఈ తప్పుల నివేదికే నాది. పట్టీ వల్ల హాని లేదనే క్షేమపత్రం మీద సంతకం చెయ్యాల్సింది నేను. నేను చెయ్యను."

యశోధర కళ్లజోడు తీసింది. "మా పిల్లల్లో ఎంతమందికి ఇలా అవుతుందమ్మా?"

"తెలీదండి" అంది హైమ. పదిహేనేళ్ల ఉద్యోగంలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. "కచ్చితంగా తెలిసే దాకా ఆపకుండా ఉంటే, ఆ సంగతి తెలిసేది పిల్లల చేతులు ఆగిపోయాకేనండి."

యశోధర ఒప్పంద పత్రం మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. నీలకంఠం ముఖం కందగడ్డలా అయింది. సాయంత్రానికల్లా హైమను ఆ పని నుంచి తప్పిస్తూ కాగితం వచ్చింది. ఆవిడ దాని వెనక వైపే ఒక అర్జీ రాసిచ్చింది, రెండు కొట్టివేతలతో: పరీక్షలో పాల్గొన్న నలభై మందినీ తిరిగి మామూలు మనుషుల్ని చేసే బాధ్యత తనకే అప్పగించాలి. ఇవ్వకపోతే పత్రికలకు పోతానంది. ఇచ్చారు.

ఆ తర్వాత రోజులు తేలికగా గడవలేదు. నరసాపురం లేసు ఆవిడ ఫోనే ఎత్తేది కాదు, రహీమ్ బస్సెక్కి వెళ్లి ఆవిడ గుమ్మంలో కూర్చుని సూది పట్టుకుని వంకర పువ్వులు అల్లాడు, ఆవిడ నవ్వే దాకా. గడియారాల ఆయన దుకాణం తీసి, మళ్లీ మూసి, మళ్లీ తీశాడు. తాయారుకు కొన్నిరోజులు రెండు రేకులు, కొన్నిరోజులు అసలేమీ లేదు. ఒక వారం మొత్తం పాకలోకే వెళ్లలేదు. హైమ రోజూ సాయంత్రం అయిదింటికి ఫోన్ చేసేది. తిట్టేది కాదు, తొందరపెట్టేది కాదు, ఎన్ని చిరిగాయని మాత్రం అడిగేది. నోటుపుస్తకంలో ఆ అంకె రాసుకునేది. ఆ పుస్తకంలో కొట్టివేతలున్నాయి. పేజీలన్నీ ఉన్నాయి.

ఏడో వారంలో ఒక బుధవారం, అయిదు కాకముందే ఫోన్ మోగింది. అవతల పొయ్యిలో కొబ్బరాకులు చిటపటలాడుతున్నాయి, అచ్చియ్యమ్మ ఎవరినో కేకలేస్తోంది, పిల్ల జడ లాగొద్దమ్మా అని గొడవ చేస్తోంది.

"అక్కా, పదిహేడు చిరిగాయి!"

"పదిహేడా!" హైమ పెన్ను కోసం బల్ల మీద తడుముకుంది. "చిరగనివి ఎన్నే?"

తాయారు చిన్నప్పుడు కాలువగట్టు మీద నవ్వినట్టు పకపకా నవ్వింది.

"లెక్కపెట్టలేదక్కా."